అయిదో తీగ మీద చోటు

లేత్ షాపు. పనిబల్ల మీద బోర్లా తిప్పిన స్టీల్ గిటారు, కాలితో తొక్కే పెడల్స్ ఉన్నది. మామ, అల్లుడు.

"మూడు పెడల్స్, పది తీగలు, అయిదుగురు మనుషులు. బ్యాండు మొదలుపెట్టినప్పుడు నీ చేతిలో ఉన్నది అంతే కదా అల్లుడూ?"

"ఇప్పుడవన్నీ ఎందుకు మామయ్యా. ఇంకో పెడల్ పెట్టమని అడిగాను, అంతే."

"అడిగావు. నేను తాళం తియ్యకముందే వచ్చి మెట్టు మీద కూర్చుని అడిగావు. టీ వద్దన్నావు, కుర్చీ వద్దన్నావు. ముప్ఫై ఏళ్ళుగా ఈ కొట్టు నడుపుతున్నవాణ్ణి. లోపలికొచ్చేటప్పుడు సరుకేముందో, బయటికెళ్ళేటప్పుడు ఏముంటుందో చూసుకోకుండా రెంచి పట్టను. చెప్పు. ఇప్పుడెన్ని పెడల్స్?"

"ఆరు. మీరు పెట్టినవేగా."

"మనుషులు?"

"ఇద్దరం."

"ఏ ఇద్దరు?"

"నేనూ, మీ అమ్మాయీ. మీకు తెలీదా?"

"తెలుసు. నీ నోటితో వినాలని అడిగాను. అయిదుగురు ఇద్దరయ్యారు, మూడు ఆరయ్యాయి. ఎవరు పోతే ఏది వచ్చిందో చెప్పనా?"

"వద్దు మామయ్యా."

"ఆర్గన్ ఆవిడకి ఆఫీసులో బదిలీ అయింది. నువ్వు రెండు నెలలు ఆగి వెతికితే ఇంకొకరు దొరికేవారు. వెతకలేదు. గిటారు తెచ్చి ఈ బల్ల మీద పడుకోబెట్టావు. ఆవిడ వెనకాల పట్టుకునే ఆ బరువు లేకపోతే పాటకి కాళ్ళకింద నేల లేనట్టుంది మామయ్యా అన్నావు. నాలుగో పెడల్ పెట్టాను. ఆవిడ చేతులు రెండూ కలిసి చేసేపని నీ ఎడమ కాలు చేసింది. నేను కూడా సంబరపడ్డాను, దాచుకోవడం ఎందుకు. రెండో గిటారు వాయించే పొడుగాయనకి వాళ్ళ అన్న కొట్టు అప్పగించాడు. శనివారాలు కుదరవన్నాడు. ఆదివారాలు వస్తానన్నాడు. అది గుర్తుందా? ఆదివారాలు వస్తానన్నాడు."

"మేం వాయించే హోటల్‌వాళ్ళకి శనివారాలు కావాలి కదా."

"కావాలి. అయిదో పెడల్ పెట్టాను. ఇక ఫిడేలు మాస్టారు."

"ఆయన అలిగి వెళ్ళిపోయాడు. ఆయన్ని ఎవరూ పంపలేదు."

"అలిగాడు. మైకు దూరంగా పెట్టారని అలిగాడు. అలిగినవాడికి పదిరోజులు టైమిస్తే మెత్తబడతాడు. నువ్వు నాలుగోరోజున వచ్చావు గిటారు పట్టుకుని. ఆరో పెడల్. అయిదో తీగనీ రెండో తీగనీ కలిపి లాగాలి, ఫిడేలు కమాను వెనక్కి తిప్పినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉండాలి అన్నావు. పెట్టాను. ఆర్నెల్లకి మాస్టారు తిరిగొచ్చాడు."

"మామయ్యా, మోకాలు నొప్పిగా ఉంది. ఆ స్టూలు ఇటు లాగండి."

"ఇందాక కుర్చీ వద్దన్నావు. ఇదిగో, కూర్చో. తిరిగొచ్చాడా లేదా?"

"వచ్చాడేమో. నేను వాయిస్తున్నాను అప్పుడు."

"ఫిడేలు పెట్టె చంకన పెట్టుకుని హోటల్ హాలు తలుపు దగ్గర నుంచున్నాడు. నువ్వు చూశావు. నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు."

"అదే. ఏమీ అనలేదు. పాట ఆ చోటికి వచ్చింది, పెడల్ నొక్కావు. ఆయన ఫిడేలు ఆయనకే నీ కాలి కింద వినపడింది. పెట్టె మూత కూడా తియ్యకుండా వెళ్ళిపోయాడు."

"ఇదంతా మీకెవరు చెప్పారు?"

"ఆయనే. ఫిడేలు బిరడా వదులైంది, సన్నగా ఇత్తడి పట్టీ వెయ్యమని వచ్చాడు. నువ్వు కూర్చున్న ఆ స్టూలు మీదే కూర్చుని చెప్పాడు. కోపంగా కూడా లేడు. నాకంటే మీ ఇనుమే వేళకి వస్తోందండీ అన్నాడు. ఇనుము నాది. ఏమంటాను. పట్టీ వేసి, ఇంకేమైనా పని ఉంటే తీసుకురండి అన్నాను."

"అవన్నీ అయిపోయాయి మామయ్యా. ఏడోది పెట్టండి."

"అందుకనే అడుగుతున్నాను. ఏడోది ఎవరి బదులు?"

"ఎవరి బదులూ కాదు. ఊరికే. కొత్త పాటలు కొన్ని ఉన్నాయి."

"హోటల్ మేనేజరు కొత్తవి అడిగాడా? పోయినసారి నువ్వే చెప్పావు, ఆయన నీ దగ్గరికొచ్చి, జనం తింటున్నప్పుడు తెలిసిన పాటలే వాయించండి, కొత్తవి వింటే చెంచాలు ఆగిపోతున్నాయి అన్నాడని."

"మీరు పెడతారా పెట్టరా చెప్పండి. లేకపోతే ఇంకెక్కడైనా అడుగుతాను."

"ఎక్కడడుగుతావు? పక్క కొట్టాయన పొద్దున నువ్వు దీన్ని దింపుతుంటే చూసి, ఇంకా ఆ కుట్టుమిషను బాగుచేస్తూనే ఉన్నావా అన్నాడు నన్ను. కుట్టుమిషను కాదయ్యా, గిటారు అన్నాను. గిటారుకి నాలుగు కాళ్ళెందుకు అన్నాడు. ఓపిగ్గా చూపించాను. బల్లలాగా నిలబడుతుంది, మీటేది పైన, తొక్కేది కింద. పెడల్ తొక్కితే కడ్డీ లాగుతుంది, కడ్డీ తీగని బిగిస్తుంది, స్వరం పైకి ఎక్కుతుంది అన్నాను. అంతా శ్రద్ధగా విని, అయితే బట్టలు కుట్టదా అన్నాడు. వెళ్ళు. ఆయన్ని అడుగు."

"నవ్వించకండి మామయ్యా. నాకు నవ్వే ఓపిక లేదు."

"అది కనపడుతూనే ఉంది. నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

"పోతున్నాను. ఏదో కాస్త."

"సరే, పని సంగతి మాట్లాడదాం. ఇటు వంగి చూడు. అయిదో తీగ కొస ఇక్కడ ఈ ఇనుప వేలుకి తగులుకుని ఉంటుంది. ఈ వేలుకి కన్నాలెన్ని?"

"మూడు."

"మూడింట్లోనూ కడ్డీలున్నాయి. ఒకటి మొదటి పెడల్‌ది, ఒకటి మూడో పెడల్‌ది. ఆ రెండూ పుట్టుకతో వచ్చినవి, అవి తీస్తే ఇది స్టీల్ గిటారే కాదు. మూడోది ఫిడేలు మాస్టారిది. నీ కాగితంలో ఏడో పెడల్ కూడా అయిదో తీగనే లాగాలని రాసుంది. ఎక్కడ తగిలించను?"

"నాలుగో కన్నం వెయ్యలేరా?"

"వేలు మందమెంత? కన్నం పక్కన కన్నం వేస్తే నెలకో రెండు నెలలకో పాట మధ్యలో విరుగుతుంది. ఈ కొట్టులోంచి అలాంటి పని బయటికి వెళ్ళదు."

"వేరే తీగకి పెడితే?"

"ఏ తీగకి? నువ్వే చెప్పు."

"కుదరదు. అయిదోదే కావాలి. ఆ మందమే కావాలి. సన్నతీగ మీద అది రాదు."

"ఏది రాదు?"

"అదే. ఆ స్వరం."

"ఊఁ."

"అయితే ఫిడేలుది తీసెయ్యండి."

"రెండోసారి పంపిస్తావా ఆయన్ని?"

"మామయ్యా, కడ్డీ అది. మనిషి కాదు."

"ఆ మాట మొదటిరోజు నీకు తెలిసుంటే బాగుండేది. నాకు తెలిసున్నా బాగుండేది. సరే, తీద్దాం. ఆ కళ్ళద్దాలు ఇటివ్వు, కాగితం చదువుతాను. అడుగు నుంచి మెల్లగా ఎక్కాలి. అసలు స్వరం దగ్గర ఆగకూడదు, వెంట్రుకంత పైకి పోవాలి. కాలు కాస్త వదిలితే వెనక్కి వచ్చి కుదురుకోవాలి. దానికోసం పెడల్ అడుగున మెత్తటి స్ప్రింగు."

"అవును."

"ఇది తప్పు రాశావు."

"లేదు."

"పన్నెండేళ్ళుగా నన్ను చంపుకుతిన్నది దేనికి? స్వరం ఠక్కున వచ్చి నిలబడాలి, పిసరంత పైన ఉన్నా పిసరంత కింద ఉన్నా ఒప్పుకోను అని. ఆరు పెడల్స్‌కీ ఒక్కోదానికి నాలుగుసార్లు తిప్పించుకున్నావు. ఇప్పుడు నువ్వే వెంట్రుకంత పైకి పోవాలంటున్నావు. ఏ గిటారువాడూ ఇలా అడగడు."

"అలాగే కావాలి."

"లేత్ ఆన్ చేస్తాను, ఒక్క నిమిషం."

"ఎందుకిప్పుడు?"

"విను... విన్నావా? అడుగు నుంచి లేచింది. మెల్లగా ఎక్కింది. వెంట్రుకంత పైకి పోయింది. కుదురుకుంది. కొన్నప్పటి నుంచీ ఈ మోటారు ఇంతే. మెకానిక్కులు ముగ్గురు చూసి, నడుస్తోందిగా, వదిలెయ్యండి అన్నారు. మా అమ్మాయి స్కూలు నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చేది. వాళ్ళమ్మ పనినుంచి వచ్చేదాకా ఆ మరల డబ్బా మీద కూర్చునేది. నేను స్విచ్ వేసినప్పుడల్లా దీంతో గొంతు కలిపేది. ఇది ఎక్కితే ఎక్కేది, ఇది కుదురుకుంటే కుదురుకునేది. ఇప్పటికీ చరణం ఎత్తుకునేటప్పుడు అలాగే ఎత్తుకుంటుంది. ఎవరి దగ్గర నేర్చుకుందని జనం నన్ను అడుగుతుంటారు. చెబితే నవ్వుతారని చెప్పను."

"ఆపండి మామయ్యా. ఆపెయ్యండి."

"ఆపేశాను. ఇప్పుడు చెప్పు. మా అమ్మాయికి ఏమైంది?"

"ఏమీ కాలేదు."

"అల్లుడూ."

"చెప్పొద్దంది. నన్ను ప్రమాణం చెయ్యమంది. ఆపరేషన్ అయ్యాక తనే వచ్చి చెబుతానంది."

"ఏం ఆపరేషన్?"

"గొంతులో గడ్డ. చిన్నదే. డాక్టరు బాగా చెప్పాడు, ప్రాణానికి ఏమీ లేదన్నాడు, తొందరగానే చూశారన్నాడు. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ అదే చెప్పాడు. ప్రాణానికి ఏమీ లేదు మామయ్యా."

"మరి దేనికి ఉంది?"

"మాట ఉంటుంది. గుసగుసలాగా. పక్కన కూర్చుంటే వినపడుతుందట. పాట ఉండదు."

"ఎప్పుడు?"

"సోమవారం."

"మూడు వారాలుగా ఫోన్లో జలుబు, జలుబు అంటోంది. మూడు వారాల జలుబుంటుందా అని ఒక్కసారి కూడా అనుమానం రాలేదు నాకు. మిరియాలు వేసుకుని పాలు తాగమని చెప్పాను. రోజూ చెప్పాను."

"తాగింది. మీరు చెప్పారని రోజూ తాగింది."

"ఆ కాగితం తీసుకుని ఇంటికి వెళ్ళు."

"మామయ్యా..."

"పెట్టను. నేను పెట్టను. ఆర్గన్ పోతే పెట్టాను, గిటారు పోతే పెట్టాను, ఫిడేలు పోతే పెట్టాను. వాళ్ళంతా బయటివాళ్ళు. రేపు నా కూతురు హాస్పిటల్ నుంచి వచ్చి, నాలుగు రోజులు ఇంట్లో పడుకుని, అయిదోరోజు చీర మార్చుకుని హోటల్‌కి వస్తుంది. రాకుండా ఉండదు, నాకు తెలుసు దాని సంగతి. తలుపు దగ్గర నుంచుంటుంది. దాని గొంతు దానికే నీ కాలి కింద వినపడుతుంది. అప్పుడది ఎక్కడికి వెళ్ళాలి? మాస్టారికైతే ఇల్లుంది. దాని ఇల్లు నువ్వే కదయ్యా."

"నేనడగలేదు మామయ్యా."

"ఏంటి?"

"ఈ పెడల్ నేనడగలేదు. ఆ కాగితం నేను రాయలేదు. నా రాతా అది? మీ అమ్మాయిది, సరిగ్గా చూడండి. వద్దని నేను పది రోజులు పోట్లాడాను. హోటల్ మానేద్దాం, పెళ్ళిళ్ళకి బ్యాండు వెనకాల కూర్చుంటాను, పాఠాలు చెప్పుకుంటాను అన్నాను. వినదు. నాన్న దగ్గరికి వెళ్ళి పెట్టించుకుని రండి, సోమవారం లోపల రండి, నా గొంతు ఉండగానే దాన్ని శృతి చెయ్యాలి అంటుంది. మీరు పెట్టినా నేను నొక్కలేను. కాలు రాదు. ఇక్కడికి వచ్చేటప్పుడు దారిలో రెండుసార్లు ఆటో వెనక్కి తిప్పించాను. ఆ డ్రైవరు ఏమనుకున్నాడో."

"నాన్న పెట్టనన్నాడని నాతో చెప్పేసి ఊరుకుందామనుకున్నారు మీరు. అంతేగా?"

"నువ్వెప్పుడొచ్చావమ్మా?"

"నాన్నా, దీపం వెయ్యి. చీకటిగా ఉంది లోపల. నువ్వు లేత్ స్విచ్ వేసినప్పుడు వచ్చాను. రక్తం పరీక్షకి ఇచ్చి అటునుంచి అటే. మోటారు మోతలో మీకు వినపడలేదు."

"ఆ గొంతేంటమ్మా. అంత బొంగురుగా ఉందేంటి?"

"జలుబు."

"తమాషా చెయ్యకు."

"చెయ్యట్లేదు. ఇన్నాళ్ళూ అబద్ధమాడాను, మూడు వారాలు. ఇంకో రెండు రోజులు ఆడితే సరిపోయేది. ఈయనకి అబద్ధం చేతకాదని తెలిసి కూడా పంపించాను, తప్పు నాది. లేవండి, ఆ స్టూలు నాకివ్వండి. పొద్దుటినుంచి నుంచునే ఉన్నాను."

"కూర్చో. నువ్వు కూర్చో. నీళ్ళు తాగుతావా?"

"తాగకూడదట మధ్యాహ్నం దాకా. ఇంకో పరీక్ష ఉంది. నాన్నా, అలా చూడకు. ప్రాణానికి ఏమీ లేదని చెప్పారుగా ఈయన."

"చెప్పాడు."

"నిజమే చెప్పారు. ఇక పని మాట్లాడదాం. పెడల్ పెట్టనన్నావు, విన్నాను. ఎందుకు పెట్టనన్నావో కూడా విన్నాను. ఫిడేలుది ముందు తీసెయ్."

"తీసేసి నీది తగిలించనా?"

"తీసెయ్ అన్నాను. దాన్ని పెట్టినరోజే వద్దన్నాను, ఈయన్ని అడుగు. మాస్టారు లేనప్పుడు మాస్టారు లేనట్టే వినపడాలి కదా. ఆ చోట ఖాళీ ఉండనివ్వు. నిన్న సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళాను."

"నాకు చెప్పలేదేం?"

"మీకు చెబితే నాతో వచ్చేవారు. వచ్చి ఏమీ అనకుండా కూర్చునేవారు. అందుకని ఒక్కదాన్నే వెళ్ళాను. మైకు దగ్గరగా పెడతాం అని చెప్పాను. ఆలోచిస్తానన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. ఆయన భార్య మాత్రం గేటు దాకా వచ్చి, రోజూ సాయంత్రం పెట్టె తీసి తుడిచి మళ్ళీ పెడుతుంటాడమ్మా అంది. వస్తే వస్తారు. రాకపోతే ఖాళీ."

"సరే. ఫిడేలుది తీశాం. కన్నం ఖాళీ అయింది. అందులోకి నీ కడ్డీ. అదే కదా?"

"కడ్డీ వద్దు."

"మరి?"

"సైకిల్ బ్రేకు తీగ వెయ్యి. గొట్టంలోంచి పోయేది."

"నీకు మతి పోయిందా? కడ్డీ అయితే గట్టిగా ఉంటుంది, లాగిన చోటే నిలబడుతుంది. బ్రేకు తీగ సాగుతుంది. ఎండకి ఒకలా, వానకి ఒకలా. స్వరం రోజుకో చోట తేలుతుంది."

"తేలనీ. నాది మాత్రం రోజూ ఒకేచోట ఉండేదా? ఏప్రిల్, మే నెలల్లో నేను పాడిన పాటలకి ఈయన పళ్ళు నూరుకుంటూ వాయించేవారు."

"నేనెప్పుడూ ఏమీ అనలేదు."

"మీరు ఏమీ అనరు. అదే కదా మీతో బాధ."

"అమ్మా, ఒక్కటి చెప్పు. ముప్ఫై ఏళ్ళ పనివాణ్ణి అడుగుతున్నాను. కడ్డీతో అయ్యేదానికి తీగ ఎందుకు?"

"కడ్డీ పెడల్ నుంచి తిన్నగా పైకి పోతుంది. పెడల్ దాని కిందే ఉండాలి. తీగ అయితే పక్కకి తిప్పుకోవచ్చుగా."

"తిప్పుకోవచ్చు. ఎంత పక్కకి?"

"అయిదడుగులు. ఆరు వెయ్యి, కాస్త వదులుగా ఉంటుంది."

"ఆరడుగులు ఇవతల పెడల్ పెడితే అల్లుడి కాలు ఎలా అందుతుంది?"

"అందదు."

"మరి?"

"ఆరడుగులు ఇవతల ఏముంటుంది నాన్నా, హాల్లో?"

"నీ మైకు."

"మైకు తీసేస్తారు. కుర్చీ వెయ్యమని మేనేజరుని అడిగాను. ఎవరికన్నాడు. నాకే అన్నాను. పాడని మనిషికి వేదిక మీద కుర్చీ ఎందుకండీ అన్నాడు. వచ్చే శనివారం వచ్చి చూడండి అన్నాను."

"చరణం ఎక్కడ ఎత్తుకోవాలో..."

"మీకంటే నాకు బాగా తెలుసు. పన్నెండేళ్ళు ఎత్తుకున్నాను. డాక్టరు ఆ గడ్డతో పాటు అది కూడా తీసేస్తానన్నాడా? అడిగాను కూడా. ఆయన నవ్వలేదు, నోట్సులో ఏదో రాసుకున్నాడు. మీరు తీగ మీటండి. ఎప్పుడు ఎక్కాలో, ఎంత పైకి పోవాలో, ఎప్పుడు కుదురుకోవాలో కుర్చీలోంచి నా కాలితో నేను చూసుకుంటాను."

"ఏమయ్యా అల్లుడూ. కాగితంలో ఇది రాయలేదే."

"నాకూ చెప్పలేదు మామయ్యా. ఇప్పుడే వింటున్నాను."

"చెబితే దీనికి కూడా వద్దనేవారు. నాన్నా, ఆ రెంచి ఈయనకివ్వు, ఊరికే చూస్తూ నుంచున్నారు. నువ్వు స్విచ్ వెయ్యి, దానితో పోల్చి శృతి చేద్దాం. నాకింకా రెండు రోజులున్నాయి."

"ఉండు. బయటికి ఏం వెళ్తోందో నన్ను చూసుకోనివ్వు. వచ్చినప్పుడు పెడల్స్ ఆరు. ఇప్పుడూ ఆరే."

"ఆరే. అయిదు ఈయనవి, ఒకటి నాది."